పాత సూపర్‌చార్జర్ స్నోమొబైల్: కొనే ముందు, కొన్న తర్వాత



మిషిగన్, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాల్లోనూ కెనడాలోనూ ఉంటున్న మన తెలుగు కుర్రవాళ్లు చలికాలం రాబోతుంటే నన్నొక ప్రశ్న అడుగుతుంటారు. “కొత్త స్నోమొబైల్ కొనే స్తోమత లేదండీ. పాతదొకటి సూపర్‌చార్జర్ బిగించినది దొరుకుతోంది. కొత్త బండి ధరలో సగం కూడా లేదు, శక్తి మాత్రం కొత్తదానికంటే ఎక్కువ అంటున్నారు. తీసుకోమంటారా?” అని. ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. చెప్పడానికి ఈ కాస్త సమయం కావాలి.

స్వదేశంలో వింటున్నవాళ్ల కోసం ముందు బండి సంగతి చెబుతాను. కాశ్మీరంలో గుల్మార్గ్ వెళ్లినవాళ్లు దీన్ని చూసే ఉంటారు, ఎక్కి కూడా ఉంటారు. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు వెడల్పాటి రబ్బరు పట్టా, దాన్ని ట్రాక్ అంటారు. మోటారు సైకిల్ మీద కూర్చున్నట్టే కూర్చుని హ్యాండిల్ తిప్పాలి. గేర్లు మార్చే పని లేదు. ఇంజను పక్కన ఒక క్లచ్, దాని వెనక మరో క్లచ్, రెండింటినీ కలుపుతూ ఒక బెల్టు, అక్కణ్ణుంచి గొలుసు, గొలుసు నుంచి ట్రాక్. గుల్మార్గ్‌లో దాన్ని పక్కన ఒక మనిషి ఉండి మెల్లగా తిప్పిస్తాడు. నేను మాట్లాడబోయేది అలాంటి బండి గురించి కాదు. ఊరికి ముప్ఫై నలభై కిలోమీటర్ల దూరం, ఫోను సిగ్నలు లేని అడవిలోకి, కొండల్లోకి మనిషిని ఒంటరిగా తీసుకుపోగల బండి గురించి.

ఈ యంత్రం పుట్టుక వెనక ఒక దుఃఖం ఉంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వాల్‌కూర్ అనే చిన్న ఊరు. అక్కడ జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి కడుపులో ప్రాణాంతకమైన జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయి పిల్లవాణ్ణి ఆసుపత్రికి చేర్చలేకపోయారు. బిడ్డ పోయాడు. మంచు మీద నడిచే వాహనం కోసం ఆయన అంతకుముందు నుంచే ప్రయత్నాలు చేస్తున్నాడు, ఆ తర్వాత పట్టుదల ఇంకా పెరిగింది. 1937కల్లా ట్రాకును నడిపే పళ్లచక్రం మీద ఆయనకు పేటెంట్ వచ్చింది, ఏడుగురు కూర్చునే మంచు బస్సు తయారైంది. 1959లో ఒకరిద్దరు ఎక్కే చిన్న బండి స్కీ-డూ వచ్చింది. మంచులో చిక్కుకున్న మనిషిని క్షేమంగా గమ్యం చేర్చడమే ఈ యంత్రం పని. పాత బండి చూసేటప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న అదే: ఇది నన్ను ఇంటికి తిరిగి తెస్తుందా? ఎంత వేగం పోతుందన్నది దాని తర్వాతి మాట.

ఇక సూపర్‌చార్జర్. కమ్మరి కొలిమిలో తిత్తి చేసే పనే ఇదీ చేస్తుంది, గాలిని బలవంతంగా లోపలికి తోస్తుంది. ఎక్కువ గాలి అందితే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు, అంత శక్తీ పుడుతుంది. టర్బో కూడా ఈ పనే చేస్తుంది గానీ దాన్ని తిప్పేది ఇంజను వదిలే పొగ. సూపర్‌చార్జర్‌ను ఇంజను తానే ఒక బెల్టుతో తిప్పుతుంది. అందుకే యాక్సిలరేటర్ నొక్కగానే స్పందన ఉంటుంది, శక్తి ఒక్కసారిగా మీద పడకుండా ఇంజను వేగంతో పాటు సాఫీగా పెరుగుతుంది. పొగ గొట్టం దగ్గర టర్బోకుండే భయంకరమైన వేడి దీనికి ఉండదు.

దీని అవసరం ఎక్కడొచ్చిందంటే, ఎత్తైన కొండల్లో. వయోమింగ్ రాష్ట్రంలో టోగుటీ అనే కనుమ ఉంది, స్నోమొబైల్ వాళ్లకు అది పుణ్యక్షేత్రం లాంటి చోటు. ఎత్తు 9,658 అడుగులు. అంత ఎత్తులో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే నాలుగో వంతు తక్కువ. అంటే 150 గుర్రాల శక్తిగల ఇంజను అక్కడికి చేరేసరికి 110 గుర్రాల పాటికి పడిపోతుంది. ట్రాక్ మాత్రం నడుము లోతు మెత్తటి మంచును తవ్వుకుంటూ పోవాలి. ఆ పోయిన శక్తిని తిరిగి తెచ్చుకోవడానికే అమెరికా పడమటి రాష్ట్రాల వాళ్లు సూపర్‌చార్జర్ల వైపు చూశారు.

ఎక్కువగా ఏ బండ్లకు బిగించారంటే యమహా వాళ్ల నాలుగు స్ట్రోకుల బండ్లకు. 2003 మోడల్‌గా వచ్చిన ఆర్‌ఎక్స్-1లో వాళ్ల ఆర్-1 మోటారు సైకిల్ నుంచి పుట్టిన 998 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజను పెట్టారు. 2006లో దానికి ఫ్యూయల్ ఇంజెక్షన్ చేర్చి అపెక్స్ అన్నారు. 2008లో 1049 సీసీ మూడు సిలిండర్ల నైట్రో వచ్చింది. గట్టి ఇంజన్లు. ఏ మార్పూ చేయకుండా, నూనె మార్చుకుంటూ నడిపితే ఏళ్ల తరబడి పనిచేసే ఇంజన్లు. యూటా రాష్ట్రంలోని మౌంటెన్ పెర్ఫార్మెన్స్ లాంటి సంస్థలు వీటికి సూపర్‌చార్జర్ కిట్లు తయారు చేశాయి. 2025 మోడల్‌తో స్నోమొబైళ్ల తయారీ ఆపేస్తున్నట్టు యమహా 2023లో ప్రకటించింది. కాబట్టి ఇకపై దొరికేవన్నీ పాతవే. ఆ ప్రకటన విని భయపడి అమ్మేస్తున్నవాళ్ల దగ్గర మంచి బండ్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. టర్బోతో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన స్నోమొబైళ్లు ఉన్నాయి. సంతలో మనకు తగిలే సూపర్‌చార్జర్ బండ్లు మాత్రం దాదాపు అన్నీ ఎవరో తర్వాత కిట్ కొని బిగించినవే. అంటే మీరు యమహా ఇంజనుతో పాటు, మీకు ముఖపరిచయం లేని ఒక మనిషి చేతిపనిని కూడా కొంటున్నారు. ఆ మనిషి ఓపికగలవాడైతే బండి బంగారం. తొందరమనిషి అయితే ఎంత తక్కువకిచ్చినా అది దండగే. బండి ఎన్ని మైళ్లు తిరిగిందన్నదానికంటే కిట్ ఎవరు బిగించారు, పెట్రోలు కొలత ఎవరు సరిచేశారు అన్నది నాకు ముఖ్యం.

అందుకని అమ్మే ఆయన ఇంటికి వెళ్లగానే బానెట్ ఎత్తమనకండి. కూర్చుని మాట్లాడండి. కిట్ కొన్న బిల్లు ఉందా? ఇంజెక్టర్లు మార్చారా? పెట్రోలు పంపు పాతదేనా? కంప్రెషన్ తగ్గించడానికి హెడ్డు కింద మందపాటి గాస్కెట్ వేశారా, ఏ సైజు? ఇంజెక్షన్‌ను నడిపే కంట్రోలర్‌లో ఎవరు రాసిన మ్యాప్, అంటే పెట్రోలు కొలత పట్టిక, ఉంది? తీసేసిన అసలు విడిభాగాలు డబ్బాలో దాచారా? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిసినవాడు అడక్కముందే చెబుతాడు, ఒక పుస్తకమో ఫైలో తెచ్చి చూపిస్తాడు. నూనె ఏ తేదీన మార్చిందీ, బెల్టు ఎన్ని మైళ్ల దగ్గర మార్చిందీ రాసి పెట్టుకున్న మనిషి కనబడితే, బేరంలో వంద డాలర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, వదులుకోకండి. “నేను కొన్నప్పుడే ఉందండీ, నేనేమీ ముట్టుకోలేదు” అన్నాడంటే జాగ్రత్త పడాలి. అతను అబద్ధం చెప్పకపోవచ్చు. కానీ ముట్టుకోకుండా నడపదగ్గ యంత్రం కాదు ఇది.

మరో ప్రశ్న. దీన్ని చాలామంది అడగరు, కానీ ఇంజన్లు పోయేది ఇక్కడే. ఈ బండి ఇంతకాలం ఏ ఎత్తులో తిరిగింది?

సూపర్‌చార్జర్ కప్పీ, అంటే పుల్లీ, సైజును బట్టి అది గాలిని ఎన్ని రెట్లు కుదించాలో నిర్ణయమవుతుంది. పుల్లీ చిన్నదైతే కంప్రెసర్ ఎక్కువ వేగంగా తిరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. పది వేల అడుగుల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి పది పౌండ్ల పైచిలుకు. కంప్రెసర్ దాన్ని ఒకటీ పాయింట్ ఏడు రెట్లు చేసిందనుకుందాం. పదిహేడు పౌండ్లవుతుంది. గేజి చూపేది పెరిగిన భాగం మాత్రమే కనుక ఏడు పౌండ్లు చూపుతుంది. ఇప్పుడు అదే బండిని, అదే పుల్లీతో, మిషిగన్‌కు తెచ్చారు. ఇక్కడ నేల సముద్ర మట్టానికి కాస్తే ఎత్తు, బయటి గాలే పద్నాలుగు పౌండ్ల పైన ఉంటుంది. దాన్నీ ఒకటీ పాయింట్ ఏడు రెట్లు చేస్తే గేజి పది పౌండ్లు దాటుతుంది. టర్బోకైతే ఒత్తిడి మితిమీరకుండా పొగను పక్కకు వదిలేసే కవాటం ఉంటుంది. పుల్లీతో తిరిగే సూపర్‌చార్జర్‌కు అలా తనంతట తాను సర్దుకునే ఏర్పాటు లేదు. కొండ మీద ఏడు పౌండ్లకు సరిపోయేలా కొలిచిన పెట్రోలు, ఇక్కడ పది పౌండ్లకు చాలదు. పైగా ఒత్తిడి ఎక్కువైతే పెట్రోలు నిప్పురవ్వ రాజేసిన మంట తనదాకా వచ్చేవరకు ఆగదు, తనంతట తానే పేలుతుంది. దాన్ని మనవాళ్లు నాకింగ్ అంటారు. స్నోమొబైల్ మీద హెల్మెట్ పెట్టుకుని, ఇంజను హోరులో ఆ చప్పుడు మీకు వినబడదు. వినబడేది ఆఖరున, పిస్టన్ తల చిల్లు పడినప్పుడే.

యూటా నుంచో, కొలరాడో నుంచో లారీ మీద తెచ్చి అమ్ముతున్న బండి చౌకగా ఉందని సంబరపడే ముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి. కొనకూడదని అనను. పెద్ద పుల్లీ మార్చి, పెట్రోలు కొలత ఇక్కడి గాలికి సరిచేయించాకే మంచు బాట ఎక్కించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగడం న్యాయం.

ఇక బండి దగ్గరకు వెళదాం. ఇంజను మీద చేయి పెట్టి చూడండి. చల్లగా ఉండాలి. మీరు రాకముందే స్టార్టు చేసి వేడెక్కించి ఉంచారంటే, చల్లగా ఉన్నప్పుడు ఏదో మొండికేస్తోందని అనుమానించాలి. మరో రోజు వస్తానని చెప్పి, ముట్టుకోవద్దని మర్యాదగా అడగండి. చల్లటి ఇంజను స్టార్టు అయ్యే తీరులో బ్యాటరీ, ఇంజెక్టర్లు, వాల్వులు మూడూ తమ సంగతి చెప్పేస్తాయి.

స్టార్టు చేసే ముందే కూలెంట్ డబ్బా చూడండి. రంగు శుభ్రంగా ఉండాలి, నూనె జిడ్డు తేలకూడదు. ఇంజను వేడెక్కాక అందులో బుడగలు ఆగకుండా వస్తున్నాయంటే సిలిండర్ ఒత్తిడి హెడ్ గాస్కెట్ దాటుకుని నీళ్లలోకి పోతోందన్నమాట. సూపర్‌చార్జర్ పెట్టిన ఇంజన్లలో మొదట లొంగిపోయేది ఈ గాస్కెట్టే. నూనె పుల్ల తీసి చూడండి, మజ్జిగ రంగులో నురుగుంటే అక్కడితో మాటలు ముగించి టీ తాగి వచ్చేయండి. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తే ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని లీక్-డౌన్ పరీక్ష చేయించండి. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి అందులో ఎంత, ఎటు వైపు కారిపోతోందో చూసే పరీక్ష అది. ఇన్‌టేక్ వైపు బుస్సుమంటే ఒక వాల్వు, పొగ గొట్టం వైపైతే ఇంకో వాల్వు, నూనె ట్యాంకు మూతలోంచి వస్తే పిస్టన్ రింగులు. ఉత్త కంప్రెషన్ పరీక్ష కంటే ఇది ఎక్కువ నిజం చెబుతుంది. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనవద్దన్నది నా ఖచ్చితమైన మాట.

తర్వాత కంప్రెసర్. ఈ కిట్లలో తరచు కనబడేది డెన్మార్క్‌లో తయారయ్యే రోట్రెక్స్. దాని లోపలి పని తీరు నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. అందులో పళ్లున్న గేర్లు లేవు. నున్నటి ఉక్కు రోలర్లు, వాటి చుట్టూ ఒక ఉక్కు వలయం, మధ్యలో సన్నటి ఇరుసు. రోలర్లకూ ఇరుసుకూ మధ్య ఉండేది పల్చటి నూనె పొర. ఆ నూనె మామూలుగా ద్రవమే, కానీ విపరీతమైన ఒత్తిడిలో నలిగిన క్షణంలో గట్టిపడి పట్టు ఇస్తుంది. ఆ పట్టుతోనే ఇరుసు తిరిగి, లోపలి రెక్కల చక్రం నిమిషానికి లక్ష చుట్ల దరిదాపులకు పోతుంది. ఇంత వేగంలో పళ్ల గేర్లయితే కీచుమని అరుస్తాయి, ఇది నిశ్శబ్దంగా పనిచేసుకుపోతుంది. అయితే ఆ పనంతా ఆ నూనె మీదే ఆధారపడింది. కంపెనీ చెప్పిన ట్రాక్షన్ నూనెకు బదులు ఎవరైనా చేతికందిన ఇంజనాయిల్ పోశారా, రోలర్లు జారి గీతలు పడతాయి, ఇక ఆ కంప్రెసర్‌ను బాగుచేయించడమే గతి. ఆ నూనెకు వేరే చిన్న ట్యాంకు, వేరే ఫిల్టరు, వేరే కూలరు ఉంటాయి. ట్యాంకులో మట్టం చూడండి, రంగు చూడండి, ఆఖరిసారి నూనె, ఫిల్టరు ఎప్పుడు మార్చారో అడగండి. జవాబు లేకపోతే మార్చలేదని లెక్క.

గాలి గొట్టం విప్పి టార్చిలైటు వేసి రెక్కల చక్రం చూడాలి. అంచులు నొక్కులు పడి ఉంటే ఏదో గట్టి వస్తువు మింగిందన్నమాట. చుట్టూ ఉన్న గోడ మీద గీతలుంటే ఇరుసు ఆడుతోందన్నమాట. బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పండి, గరగరలాడకూడదు. బెల్టు అంచులు పీచులు లేచాయంటే పుల్లీలు ఒకే వరసలో లేవు.

అమ్మే ఆయన ఒప్పుకుంటే నడిపి చూడాలి. అందుకే మంచున్న రోజుల్లో కొనడం మేలు. గాలికీ పెట్రోలుకీ నిష్పత్తి చూపే గేజి బండికి ఉందో లేదో చూడండి. లేకపోతే బిగించినవాడు గుడ్డిగా నడిపాడనే అర్థం. ఉంటే, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు ఆ ముల్లు మామూలు పంపు పెట్రోలు మీద పదకొండున్నరకూ పన్నెండుకూ మధ్య నిలబడాలి. పదమూడు దాటి పైకి పోతుంటే పెట్రోలు చాలడం లేదు, వెంటనే వదిలేయండి. తిరిగొచ్చాక స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడండి. తెల్లటి పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్లటి, వెండి రంగు చుక్కలుంటే నాకింగ్ అప్పటికే జరుగుతోంది. మూడు ప్లగ్గులుంటే మూడూ ఒకే రంగులో ఉండాలి. ఒకటి వేరుగా ఉంటే ఆ సిలిండర్ కథ వేరు.

క్లచ్‌ల గురించి చెబుతాను, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్లు ఇంజను చూసి మురిసిపోయి దీన్ని మరచిపోతారు. ఇంజను ఎంత శక్తి పుట్టించినా అది ట్రాకుకు చేరేది ఆ ఒక్క రబ్బరు బెల్టు మీదుగానే. ముందు క్లచ్‌లో చిన్న బరువులు, ఒక స్ప్రింగు ఉంటాయి. వెనక దాంట్లో ఏటవాలు కోసిన హెలిక్స్, మరో స్ప్రింగు. సూపర్‌చార్జర్ పెట్టాక ఇవన్నీ కొత్త శక్తికి తగ్గట్టు మార్చాలి. మార్చకపోతే ఇంజను హద్దు మీరి రేసవుతుంది, లేదా బెల్టు జారుతూ కాలుతుంది. నడిపి వచ్చి ఇంజను ఆపి, వెనక క్లచ్ మీద చేయి వేయండి. వెచ్చగా ఉంటే మంచిదే. చేయి ఆన్చలేనంత వేడిగా ఉంటే అమరిక బాగోలేదు. క్లచ్ చుట్టూ నల్లటి రబ్బరు పొడి పేరుకుంటే అదే రోగం. అమ్మే ఆయన దగ్గర తెగిపోయిన బెల్టులు కుప్పగా పడి ఉంటే అడగకుండానే మీకు విషయం తెలిసిపోతుంది.

మిగతా బండి త్వరగానే చూడొచ్చు. ట్రాక్ కింద రబ్బరు ముళ్లు విరిగాయా, కిటికీల్లాంటి రంధ్రాల దగ్గర చీలిందా, ఇనుప క్లిప్పులు ఊడాయా. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలు అరిగాయా. చిన్న చక్రాల బేరింగులు ఒక్కొక్కటీ తిప్పి వినండి. గొలుసు డబ్బా నూనె దించితే మూత అయస్కాంతం మీద మెత్తటి బూడిద ఉండడం సహజం, ఉక్కు ముక్కలుంటే కాదు. స్కీలను పట్టి ఉంచే కడ్డీలు వంగాయా, వెనక ట్రాకును కప్పే అల్యూమినియం టన్నెల్ ముడతలు పడిందా చూడండి. అది గట్టిగా దూకిన బండి గుర్తు. టన్నెల్ మీద ఉన్న చాసిస్ నంబరు కాగితాల్లో నంబరుతో కలవాలి, అప్పు తీరని బండి కాకూడదు.

ధర సంగతి. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా అమ్మేవాడి రోజులు. మార్చి చివర, ఏప్రిల్లో మంచు కరిగేటప్పుడు కొనేవాడి రోజులు. మంచు ఇంకా మిగిలి ఉండగానే వెళితే బేరమూ కుదురుతుంది, నడిపి చూడడమూ కుదురుతుంది. కిట్ కొన్నప్పుడు ఇంత పోశానని అమ్మే ఆయన చెప్పే లెక్కను ధరలో కలుపుకోకండి. మార్పులు చేసిన బండికి సంతలో ఆ ఖర్చంతా తిరిగి రాదు, రానక్కర్లేదు కూడా. మీ దగ్గరున్న డబ్బంతా బండి మీదే పెట్టవద్దు. అయిదో వంతైనా పక్కన పెట్టుకుంటే మొదటి నెల ఊపిరి ఆడుతుంది.

కొన్నాక మొదటి పని, పాత యజమాని ఎంత మంచివాడైనా, నూనెలన్నీ మార్చడం. ఇంజనుకు పూర్తి సింథటిక్ 0డబ్ల్యు-30, కంప్రెసర్‌కు దాని ట్రాక్షన్ నూనె, గొలుసు డబ్బాకు దాని నూనె, కూలెంటు, బ్రేకు నూనె. ఈ యమహా ఇంజన్లలో నూనె వేరే ట్యాంకులో ఉంటుంది కనుక మట్టాన్ని ఇంజను వేడెక్కాక మాన్యువల్ చెప్పిన పద్ధతిలోనే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు పుల్ల మీద తక్కువ కనిపించిందని పోస్తే ఎక్కువైపోతుంది. ఎక్కువైన నూనె గాలి పెట్టెలోకి చేరుతుంది, అక్కణ్ణుంచి కంప్రెసర్ దాన్ని నేరుగా సిలిండర్లలోకి తోస్తుంది.

పెట్రోలు విషయంలో మనవాళ్లు ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. మన దేశంలో పెట్రోలుకు చెప్పే ఆక్టేన్ అంకె ఒక పద్ధతిలో కొలిచింది, అమెరికా పంపు మీద రాసేది రెండు పద్ధతుల సగటు. అమెరికా 91 మన లెక్కలో 95, 96కు సమానం. అందుకని ఇంటి దగ్గర నడిపిన అనుభవంతో ఈ అంకెలను పోల్చుకోకండి. సూపర్‌చార్జర్ బండికి 91కి తగ్గకుండా పోయండి. కొండ రాష్ట్రాల్లో మామూలు పెట్రోలు 85కే అమ్ముతారు, అది ఈ ఇంజనుకు విషం. ఎక్కువ ఒత్తిడికి కొలిచిన బండ్లకు రేసు పెట్రోలు కలపాల్సిందే. అలాంటిది కొనే ముందు మీ ఊళ్లో అది దొరుకుతుందో లేదో చూసుకోండి.

మైనస్ ఇరవై చలిలో పొద్దున్నే స్టార్టు చేసి వెంటనే దౌడు తీయించకండి. కూలెంటు వేడెక్కేదాకా, కంప్రెసర్ నూనె పల్చబడేదాకా మెల్లగా పోనివ్వండి. ఈ బండ్లకు ముందు రేడియేటర్ సాధారణంగా ఉండదు. ట్రాక్ ఎగజిమ్మే మంచు టన్నెల్ కింది గొట్టాలకు తగిలి కూలెంటును చల్లబరుస్తుంది. కాబట్టి మంచు తక్కువున్న రోడ్డు మీద, గట్టి మంచుగడ్డ మీద ఎక్కువసేపు పోతే ఇంజను కాగిపోతుంది. ట్రాక్ ముందు మంచును గీకి లేపే స్క్రాచర్లు బిగించుకుంటే చాలా మేలు. గాలి పీల్చే చోట జాలీ మంచుతో మూసుకుపోకుండా ఆగినప్పుడల్లా దులపండి.

వేసవి నిల్వలో పాడైనన్ని బండ్లు చలికాలం వాడకంలో పాడవవు. ట్యాంకులో స్టెబిలైజర్ కలిపి ఇంజను కాసేపు నడపండి. డ్రైవ్ బెల్టు తీసేయండి. బ్యాటరీకి చిన్న చార్జరు తగిలించి ఉంచండి. సస్పెన్షన్‌కు గ్రీజు పట్టించి, వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తండి. అన్నింటికంటే ముఖ్యం ఎలుకలు. అమెరికా పల్లెల్లో కొట్టాల్లో పెట్టిన స్నోమొబైళ్లలో చిట్టెలుకలు గాలి పెట్టెలో గూళ్లు కడతాయి, వైర్లు కొరుకుతాయి. మామూలు బండైతే ఫిల్టరు మార్చితే సరిపోతుంది. ఇక్కడ ఆ పీచూ గడ్డీ నేరుగా లక్ష చుట్లు తిరిగే రెక్కల్లోకి పోతాయి. గాలి పీల్చే నోరూ, పొగ గొట్టం నోరూ రెండూ గుడ్డతో గట్టిగా మూసి, మూసినట్టు హ్యాండిల్‌కు చీటీ కట్టండి. నవంబరులో తీయడం మరచిపోకుండా ఉంటారు.

ఈ బండ్లు పెట్రోలు లేకుండానే పావు టన్ను దాటుతాయి. మెత్తటి మంచులో దిగబడితే ఒక్కరి వల్ల లేవదు. కాబట్టి ఒంటరిగా పోకూడదు. కొండల్లోకి పోతే మంచు చరియల కింద చిక్కుకున్న మనిషిని వెతికే బీకన్, పొడవాటి గుచ్చుకర్ర, పార, ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. అత్యవసరంగా ఇంజను ఆపే తాడు మణికట్టుకో జాకెట్టుకో కట్టుకోకుండా స్టార్టు చేయవద్దు.

చివరగా నా తీర్పు. మొదటిసారి స్నోమొబైల్ కొంటున్నవాళ్లు సూపర్‌చార్జర్ బండి తీసుకోవద్దు. ఏ మార్పూ చేయని నైట్రోనో అపెక్సో కొని రెండు చలికాలాలు నడపండి, మీ చేత్తో మీరే నూనె, బెల్టు మార్చుకోండి. ఆ పని ఇష్టమైతేనే దీని జోలికి రండి. అప్పటికే చేయి తిరిగినవాళ్లకు, రాతపూర్వకమైన చరిత్ర ఉన్న బండి దొరికితే, ఆ డబ్బుకు అంత ఆనందమిచ్చే యంత్రం మరొకటి లేదని నమ్మకంగా చెప్పగలను.

ఏది కొన్నా, దానికంటే ముందు సేఫ్టీ కోర్సు పూర్తి చేయండి. మిన్నెసోటాలో ఉంటూ 1976 డిసెంబరు 31 తర్వాత పుట్టినవాళ్లెవరికైనా ఆ సర్టిఫికెట్ లేకుండా స్నోమొబైల్ నడిపే హక్కు లేదు. అక్కడ మంచు బాటల మీదా, గడ్డకట్టిన చెరువుల మీదా వేగ పరిమితి గంటకు 50 మైళ్లు. చెరువు మీదికి దిగే ముందు కొత్త గట్టి మంచుగడ్డ కనీసం ఆరేడు అంగుళాలు ఉందని తవ్వి కొలిచి చూసుకోండి. పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని దిగేటప్పుడు మరీ మరీ చూసుకోండి.